పసుపు గుడ్డలో మర సామాను

భద్రాచలంలో ఒక పార్సిల్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుంది. అందులో బుకింగ్ క్లర్కుగా నేను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న "ఇందులో ఏముంది?" అన్నది. ఎక్కువసార్లు విన్న జవాబు "మిషన్ సామాను" అన్నది. ఈ ప్రశ్నకూ ఆ జవాబుకూ మధ్య నా జుట్టు సగం ఊడిపోయింది.

మిషన్ సామాను కానిది ఈ ఊళ్లో లేదు. రైతు తెచ్చే బోరు పంపు మిషన్ సామానే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఖమ్మం హాస్టల్లో ఉన్న పిల్లకు తల్లి పంపే ఆవకాయ జాడీ కూడా మిషన్ సామానే. పెళ్లివారి రాగి గుండిగ కూడా మిషన్ సామానే. పచ్చడి అంటే నూనె కారుతుందని మేం సణుగుతాం. గుండిగ అంటే సొట్ట పడితే మా పూచీ లేదంటాం. మిషన్ సామాను అంటే ఎవరూ ఏమీ అడగరు. ఈ కిటుకు ఎవరు ఎవరికి చెప్పారో గాని గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది.

ఒకసారి ఒక పెద్దమనిషి గ్రామదేవత విగ్రహాన్ని పాత చీరలో చుట్టి "మోటారు సామాను" అని బుక్ చేశాడు. లారీ ఎక్కించేటప్పుడు చీర జారి అమ్మవారి ముక్కుపుడక కనబడింది. మా హమాలీలు మూటను అక్కడే దించి చెంపలేసుకున్నారు. ఆయనకు ఫోన్ చేసి ఎందుకిలా చేశారని అడిగితే, "దేవుడంటే మీరు తీస్కోరని చెప్పిండ్రు సార్" అన్నాడు, తప్పంతా మాదైనట్టు.

నా బాధ ఎవరికీ అర్థం కాదు. సామాను పేరు అనేది మాకు ఊరికే రాసుకునే మాట కాదు. ఆ పేరును బట్టే అది లారీలో అడుగున పడుతుందా, పైన కూర్చుంటుందా అన్నది తేలుతుంది. అవతలి గోదాములో ఏ మూలకు పోతుందో కూడా దాన్ని బట్టే. దారిలో పోతే ఇన్సూరెన్సువాళ్లు నమ్మేది ఆ పేరునే. చెక్‌పోస్టు దగ్గర కాగితంలో ఉన్నదీ లారీలో ఉన్నదీ ఒకటేనా అని చూస్తారు. ఇక కంప్యూటర్లో అయితే యంత్ర భాగాలకు ఒక అధ్యాయమే ఉంది. అందులో ఒక్కో యంత్రానికి ఒక్కో గడి. బేరింగు ఏ యంత్రంలోదైనా బేరింగుల గడిలోకే పోవాలి. ఒకే రకం యంత్రానికి తప్ప ఇంక దేనికీ పనికిరాని భాగమైతే ఆ యంత్రం గడిలోకి పోవాలి. ఇది తెలుసుకోవడానికి నేను ఎన్నో మధ్యాహ్నాలు భోజనం డబ్బా పక్కన పెట్టుకుని చదివాను. మా మేనేజరేమో "అంత బుర్ర పాడుచేసుకోకయ్యా, ఇతరములు అని కొట్టెయ్" అంటాడు. ఇతరములు! ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

సామాను ఎత్తి దించేది మా ముఠా మేస్త్రి, అతని కింద పనిచేసే హమాలీలు. మేస్త్రి నాకంటే పెద్దవాడు. గోదావరి వచ్చినప్పుడల్లా ఇల్లు ఖాళీ చేసి, తగ్గినప్పుడల్లా ఒండ్రు కడుక్కుని మళ్లీ అదే ఇంట్లో చేరే మనిషి. దేనికీ తొణకడు. ఆ తొణకకపోవడమే నాకు సగం చిరాకు. శుక్రవారం వస్తే కాటాకు పసుపు రాసి బొట్టు పెడతాడు, గోదామంతా సాంబ్రాణి వేస్తాడు. నేను వైరా నుంచి వచ్చిన వాణ్ణి, మాది చర్చికి పోయే ఇల్లు. ఆ పొగకు నాకు తుమ్ములు వస్తాయి తప్ప వేరే అభ్యంతరం లేదు. "మీకు పడదు గద సార్, జర బయట నిలవడుండ్రి" అని ప్రతి శుక్రవారం మర్యాదగా నన్ను నా ఆఫీసులోంచే బయటికి పంపుతాడు.

ఆరుద్ర కార్తెలో, ఇంకా గట్టి వానలు మొదలవకముందు, ఇద్దరు ఆడవాళ్లు ఆటోలో ఒక పొడుగాటి మూట తెచ్చారు. అడవి లోపలి కోయ ఊరి నుంచి వచ్చారు. ఒకామెకు నలభై ఏళ్లుంటాయి, ఆ ఊరి మహిళా సంఘానికి పెద్ద. రెండో ఆమె బాగా ముసలిది, తెలుగు తక్కువ. మూటను ఇద్దరూ చెరో కొస పట్టుకుని మోసుకొచ్చారు. హమాలీ సాయం పోబోతే ముసలామె వద్దని తల ఊపింది.

"ఏముందమ్మా ఇందులో?" అన్నాను.

"మిషన్ సామాను సార్" అంది సంఘం పెద్ద.

"ఏ మిషన్?"

"మా మిషనే."

పెన్ను కింద పెట్టాను. "మీ మిషన్ ఏం పని చేస్తదమ్మా?"

"నూనె తీస్తది. ఇప్ప గింజల నూనె."

అప్పుడు ఆమె గుడ్డ కొస కొంచెం విప్పి చూపించింది. లోపల నూనె మరకలతో నల్లగా మెరిసే ఇనుప కడ్డీ, దాని చుట్టూ మెలికలు తిరుగుతూ పోయే అంచులు. నూనె మర లోపల గింజల్ని ముందుకు తోసుకుపోయి పిండేది అదే. మెలికల అంచులు అరిగి నున్నగా అయిపోయాయి. మర తిరుగుతోంది గాని నూనె దిగడం లేదట. ఖమ్మంలో లేత్ మెషిన్ పెట్టుకున్న మెకానిక్ దగ్గరికి పంపితే అంచులకు వెల్డింగు పోసి మళ్లీ కోసి ఇస్తానన్నాడట.

ఇక్కడే నాకు అసలు చిక్కు. బలాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి అందించే షాఫ్టు అయితే ఒక గడి. గింజల్ని పిండే షాఫ్టు అయితే వేరే గడి. అడక్క తప్పలేదు. "అమ్మా, ఇది తిప్పే షాఫ్టా, పిండే షాఫ్టా?"

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. "తిరుగుతది సార్. తిరుగుకుంట పిండుతది."

"అది కాదమ్మా. ఇంజన్ దీన్ని తిప్పుతదా, ఇది ఇంకోదాన్ని తిప్పుతదా?"

"ఇంజన్ దీన్ని తిప్పుతది. ఇది గింజల్ని తిప్పలు పెడ్తది" అంది. నన్ను కూడా ఎవరో తిప్పలు పెడుతున్నారని అప్పటికి ఆమెకు అర్థమైనట్టుంది.

అయినా నాకు కావలసింది దొరికింది. వివరాల్లో ఇప్ప అనే మాట మాత్రం కావాలనే రాయలేదు. ఆ మాట చూస్తే దారిలో ప్రతివాడికీ సారాయే గుర్తొస్తుంది. లారీ ఆపి మూట విప్పించి వాసన చూసిగాని వదలరు. "నూనెగింజల మర లోపలి షాఫ్టు, పాతది, రిపేరుకు, ఒకటి" అని రాశాను. ప్యాకింగు దగ్గర "గుడ్డ" అని రాశాను. అవే మాటలతో లేబులు రాసి మూటకు కట్టాను. ఆ గుడ్డ కొత్తది, పసుపులో ముంచి ఆరబెట్టింది. నడుమున ఎర్ర దారంతో వేపమండ కట్టి ఉంది, ఒక కొసన కుంకుమ బొట్టు. చూశాను, పట్టించుకోలేదు. ఈ ఊళ్లో బొట్టు లేని ఇనుము ఎక్కడుంది? ఆ ఏడాది మొత్తం మీద అంత శుభ్రంగా రాసిన రసీదు ఇంకోటి లేదని నా మనసులో నేనే మురిసిపోయాను.

పోయే ముందు సంఘం పెద్ద కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. "జల్దీ రావాలె సార్. గింజలన్నీ ఏరి రాశి పోసినం. ముసురు పట్టిందంటే చెమ్మ తగుల్తది. చెమ్మ తగిలితే బూజే."

వాళ్ల ఊళ్లో కూరలోకీ దీపంలోకీ తలకూ పసిపిల్లల ఒంటికీ ఆ నూనే. మిగిలింది సంతలో అమ్ముకుంటే ఆడవాళ్ల చేతి ఖర్చు. చెట్ల కింద వంగి వంగి ఏరిన గింజలు ఒకసారి పాడైతే మళ్లీ ఏడాది దాకా లేవు. "ఇవాళ్టి లారీకే పోతదమ్మా" అన్నాను. ముసలామె మూట మీద చెయ్యి పెట్టి వాళ్ల భాషలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. ఎవరినో సాగనంపుతున్నట్టు మాత్రం అనిపించింది.

సాయంత్రం లారీ కదిలింది. డ్రైవరు లోడు కాగితం మీద అలవాటు ప్రకారం చదవకుండా సంతకం పెట్టాడు. నేను కంప్యూటర్లో "పంపబడినది" అనే బొత్తాం నొక్కాను. నా వైపు నుంచి పని అయిపోయింది.

రెండు రోజులకు ఖమ్మం మెకానిక్ ఫోన్ చేశాడు. సామాను రాలేదన్నాడు. ఎందుకు రాదు, వచ్చే ఉంటుంది, మా గోదాముకు పోయి అడగమన్నాను. గోదాములో లేదంటున్నారన్నాడు. మా ఖమ్మం గోదాము గుమస్తాకు నేనే ఫోన్ చేశాను. అతను నిద్రలో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

"ఏం సామానన్నా?"

"నూనె మర షాఫ్టు. రసీదులో అంత వివరంగా రాస్తే మళ్లీ అడుగుతావేంది?"

"రసీదు ఎవలు చూస్తరన్నా. ఎట్లుంటది?"

ఎట్లుంటుందో చెప్పాను. మెలికలుంటాయన్నాను. కాసేపటికి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి "ఇదేనా?" అన్నాడు. అది ట్రాక్టరు ఇరుసు. కాదన్నాను. ఇంకో ఫొటో. బోరు పైపు. కాదు. మరొకటి. పట్టె మంచం కోడు. దానికీ లేబులు మీద మిషన్ సామాను అనే ఉంది. మంచం కోడుకు మెలికలెక్కడివయ్యా అంటే, "చెక్కినయ్ గదన్నా కొంచెం" అన్నాడు. ఆఖరికి షామియానా కర్ర ఒకటి పంపాడు. నేను ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి బయటికి వెళ్లి టీ తాగి వచ్చాను.

డ్రైవరును అడిగాను. ఎక్కించినవన్నీ దించానన్నాడు. మేస్త్రిని అడిగాను. "ఆ రోజు మిషన్ సామాన్లన్నీ ఎక్కించిండ్రా?"

"అన్నీ ఎక్కించినం సార్. మిషన్ సామాను ఒక్కటి గూడ ఆపలే."

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఎవరిని అడిగినా తన పని తాను చేశానంటున్నాడు. కంప్యూటరు పంపబడినది అంటోంది. అంత పొడుగు ఇనుము గాల్లో ఎలా కలిసిపోతుంది? మేనేజరుకు చెబితే, "నేను చెప్పలే? అదేదో వేరే పేరు రాసినవ్. ఇతరములు అని కొడితే చక్కగ పోయేది" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

సంఘం పెద్ద రోజూ ఫోన్ చేసేది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు, గుట్ట ఎక్కి చేయాలి. ఆయాసం వినబడేది. మొదట్లో "పోయిందా సార్" అని అడిగేది. పోయిందమ్మా అని చెప్పేవాణ్ణి, కంప్యూటరును నమ్మి. తర్వాత "అందిందా సార్" అని. ఆ తర్వాత ముసురు మొదలైంది. అప్పటి నుంచి ఆమె సామాను సంగతి కాకుండా గింజల సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

"రాశి లోపల వేడెక్కుతది సార్. పొద్దున చెయ్యి పెడితే తెలుస్తది. ఇండ్లల్ల నేల మీద పరిచినం. మంచాల మీద గూడ పరిచినం. ఇంక జాగ లేదు."

కోపంగా అన్నా బాగుండేది. ఏ పోట్లాటా లేకుండా మామూలుగా చెప్పేది. ఫోన్ పెట్టేసి ఖమ్మం గుమస్తా మీద అరిచేవాణ్ణి. అతను ఇంకో ఫొటో పంపేవాడు.

వాన నాలుగు రోజులు తెరిపి ఇవ్వలేదు. గోదావరి ఎర్రబడింది. మా గోదాము వెనక గది రేకు ఎప్పుడూ కారేదే, దాని కింద ఎరువుల బస్తాలేమైనా ఉన్నాయేమో చూద్దామని లోపలికి వెళ్లాను. ఆ గదిలోకి నేను ఎప్పుడో గాని పోను. సాంబ్రాణి వాసన వచ్చింది. శుక్రవారం కాదే అనుకున్నాను.

వాన చుక్క పడని మూలలో రెండు ఇటుకల దొంతుల మీద కడిగిన పలక పరిచి ఉంది. దాని మీద పసుపు గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట నిలువుగా, గోడకు ఆనించి ఉంది. వేపమండ వాడిపోతే కొత్తది కట్టారు. బంతిపూల దండ వేశారు. కింద అగరొత్తుల బూడిద. దండ పక్కనే, పసుపు చెరగకుండా జాగ్రత్తగా పక్కకు జరిపి, నా చేతిరాతతో నా లేబులు వేలాడుతోంది. నూనెగింజల మర లోపలి షాఫ్టు, పాతది, రిపేరుకు, ఒకటి.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. తుమ్ము వచ్చింది. తుమ్మాక అరిచాను. మేస్త్రి తడి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంది మేస్త్రీ ఇది?"

"మెల్లగ సార్. దాని ముందర గట్ల అరవొద్దు."

"దేని ముందర?"

"అది వాళ్ల వేల్పు సార్. అడివిల వాళ్ల ఇలవేల్పు గిట్లనే ఉంటది. ఇనుమో ఇత్తడో, గుడ్డ చుట్టి పసుపు పెడ్తరు. దాన్ని నేల మీద పెట్టరు, దాని మీద ఏదీ పెట్టరు, దాటరు. ఎరువు బస్తాల కింద మేమెట్ల ఎక్కిస్తం? వాళ్లే వచ్చి ఎత్తుకపోతరని కాసుకుంట కూసున్నం."

"లేబులు మీద మర షాఫ్టు అని రాసి ఉంది కదా!"

మేస్త్రి జాలిగా నవ్వాడు. "మీరు రాసిండ్రు సార్. ఆవకాయ జాడీ మీద గూడ రాసి ఉంటది. అప్పుడు ముక్కుపుడకమ్మ మీద ఏమని రాసి ఉన్నది? మోటారు సామాననే గద. రాసిందాన్ని చూసి ఎక్కిస్తే మాకు పాపం చుట్టుకుంటది. ఎప్పుడూ మిషన్ సామాను అని ఒక్క మాటే ఉంటది. దీనికి ఇంత పొడుగు రాసిండ్రంటే, దేవుడని తెల్వకుండ మర్యాదకు రాసిండ్రనుకున్న."

ఇన్నేళ్లుగా ఈ కౌంటరు మీదికి వచ్చిన ప్రతి అబద్ధాన్నీ వీళ్లు లారీ ఎక్కించారు. ఒక్క నిజం రాసి పంపితే దానికి దండ వేసి ఆపేశారు.

"మరి నేను అన్ని రోజులు వెతుకుతుంటే ఒక్క మాట చెప్పొద్దా?"

"మీరు మిషన్ సామాను గురించి అడిగిండ్రు సార్. దీని గురించి అడగలే. మీకు గివన్నీ పడవు గద అని మేం గూడ కదపలే."

ఇప్పటికైనా ఎక్కించమన్నాను. ఎవరూ కదల్లేదు. నేనే ఎత్తబోతే మేస్త్రి అడ్డం నిలబడ్డాడు, గొడవగా కాదు, వేడుకోలుగా. "వాళ్లొచ్చి కాదని చెప్తే నా నెత్తి మీద పెట్టుకోని ఎక్కిస్త సార్. మా ఇండ్లల్ల పిల్లలున్నరు" అన్నాడు. ఆ మాట మీద నేనేం చట్టం చదవను? ఆ సాయంత్రం ఆమె గుట్ట ఎక్కినప్పుడు సంగతి చెప్పాను. "రేపొస్తం సార్" అంది.

మర్నాడు మోకాళ్ల దాకా తడిసి వచ్చారు ఇద్దరూ. దారిలో వాగు పొంగితే బస్సు ఆగిపోయిందట. నీళ్లు తగ్గేదాకా కూర్చుని, దాటి, అవతల ఇంకో బస్సెక్కి వచ్చారు. వెనక గదిలో దండ వేసుకుని ఉన్న తమ మర షాఫ్టును చూసి సంఘం పెద్ద నడుం మీద చేతులు పెట్టుకుంది. మేస్త్రి వైపు తిరిగింది.

"మా వేల్పును మేం లారీకి ఇస్తమా అన్నా?"

"గదే అనుకున్న అక్కా. ఎట్ల ఇచ్చిండ్రా అని."

"మరి ఈ పసుపేంది, వేపమండేంది?" అని నేను అడిగాను. గొంతు పెంచకుండా ఉండలేకపోయాను.

"తొలిసారి ఊరు దాటుతున్నది సార్. మాకు అన్నంలోకి నూనె పెట్టేది. బొట్టు పెట్టకుండ ఎట్ల పంపుతం? ఈ అవ్వే పెట్టింది." ముసలామెను చూపించింది. "వేల్పు కాదన్నా, మిషనే. నేను చెప్తున్న. ఎక్కించుండ్రి."

మేస్త్రి చూపు పసుపు మీది నుంచి కదల్లేదు. ఆమె మాట నమ్మలేదని కాదు, చెయ్యి రావడం లేదంతే. అది ముసలామెకు తెలిసిపోయింది. వెళ్లి పలక ముందు కూర్చుంది. దండ తీసి పక్కన పెట్టింది. ఎర్ర దారం విప్పింది, గుడ్డ విప్పింది. తర్వాత తన తడి కొంగుతో ఇనుము మీది కుంకుమ తుడిచింది. మెలికల మధ్య ఇరుక్కున్న పసుపును గోటితో తీసి, మళ్లీ తుడిచింది. ఎక్కడా ఒక్క చార మిగలకుండా, కొస నుంచి కొస దాకా. లారీ ఎక్కడానికి ఇంకేమీ అడ్డు లేకుండా చేసింది.

హమాలీలు తల వంచుకుని నిలబడ్డారు. ఏ గడిలో వేయాలో చెప్పడానికి నేను అంత చదివాను. దాన్ని ఉత్త ఇనుముగా చేయడానికి మాత్రం, బొట్టు పెట్టిన ఆ చేతినే రప్పించి తుడిపించాం. నాకు మేస్త్రి మీద కోపం వచ్చింది, ఆవకాయ జాడీల మీద వచ్చింది, ఇతరముల మీద వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక వెళ్లి లేబులు మీద మళ్లీ ఒకసారి దిద్దాను.

మేస్త్రి ఒంటరిగా ఎత్తి లారీ ఎక్కించాడు. ఈసారి అది ఖమ్మం చేరింది. చేరిన ఫొటో గుమస్తా పంపాడు, "ఇదా, ముందే చెప్పొద్దా అన్నా" అనే మాటతో.

మెకానిక్ పని తొందరగానే ముగించాడు. అంచులు కొత్తగా మెరుస్తూ షాఫ్టు తిరుగు లారీలో వచ్చింది. సాయంత్రం ఖమ్మంలో ఎక్కి, తెల్లారేసరికి మా గోదాములో దిగింది. ఎక్కడా ఆగలేదు, ఎవరూ అడగలేదు. రసీదు తీసి చూశాను. ఆ మెకానిక్ రాయించింది రెండే మాటలు. మిషన్ సామాను. దాన్ని చించి ముక్కలు చేయాలనిపించింది. డెలివరీ సంతకం దాని మీదే పెట్టించుకోవాలి కాబట్టి ఊరుకున్నాను.

సంఘం పెద్ద ఒక్కతే వచ్చింది. గింజలు ఎలా ఉన్నాయని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అయినా అడిగాను.

"కింద పరిచినయ్ నల్లబడ్డయ్ సార్. అవి దీపాలకు గూడ పనికిరావు, పారవోసినం. మంచాల మీదివి మిగిలినయ్. సంతకు రావు గాని ఇండ్లకు సరిపోతయ్."

ఆమె అంతటితో వదిలేసింది. నేను రసీదు ఆమె వైపు తిప్పి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

మేస్త్రి షాఫ్టును భుజం మీద పెట్టుకుని వచ్చాడు. పక్కనే తోపుడు బండి ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర ఆటో రావడం ఆలస్యమైంది. అంతసేపూ దించకుండా అలాగే నిలబడ్డాడు. మెడ మీద నరాలు లేచాయి. నాకు మళ్లీ చిరాకు మొదలైంది.

"మేస్త్రీ, అది మిషనని ఇప్పుడు తెలుసు కదా?"

"తెలుసు సార్."

"మరి బండి మీద పెట్టక మోతెందుకు?"

"ఊరందరి ఏడాది నూనె గద సార్. కింద ఎట్ల పెడ్తం?"

ఆటో వచ్చింది. సీటు మీద గోనె పరిచి షాఫ్టును పడుకోబెట్టారు. ఆమె ఎక్కబోయి ఆగి, నడుం దగ్గర ముడి విప్పి చిన్న పొట్లం తీసింది. అందులో పసుపు ఉంది. చేతిలో పట్టుకుని, ఆటో వైపూ కాదు, మేస్త్రి వైపూ కాదు, నా వైపు చూసింది.

"పెట్టొచ్చా సార్? ఇంక ఎక్కడన్న ఆపుతరా?"

ఆ అనుమతి అడిగింది నన్నే. రసీదు రాసేది నేనే కాబట్టి.

"పెట్టుకోమ్మా" అన్నాను. "ఇక్కణ్ణుంచి మా లారీలు లేవు. ఎవరూ ఆపరు."

ఆమె కొత్త ఇనుము మీద వేలితో పసుపు రాసింది. వాన చినుకు పడి అది చెదరకుండా మేస్త్రి తన తువ్వాలు విప్పి దాని మీద కప్పాడు. ఆటో కదిలాక తువ్వాలు అందులోనే పోయిందని గుర్తొచ్చి, పోనీలే అన్నాడు.